శీలావతి మన పొగాకుకు బదులు పంట కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. బర్లీ పొగాకు ధర పడిపోయినప్పటి నుంచి మన ప్రాంత రైతుకు బదులు పంట ఏమిటన్న చర్చ మీ పాఠకుల పేజీలో అప్పుడప్పుడూ సాగుతూనే ఉంది. శనగ వేయాలని కొందరు, మునగ వేయాలని కొందరు, జామాయిల్ నయమని కొందరు రాశారు. ఈ మధ్య ఒక పాఠకులు మరో అడుగు ముందుకు వేసి, విశాఖ మన్యంలో దొంగచాటుగా పండుతున్న శీలావతి రకం గంజాయిని ప్రభుత్వమే లైసెన్సు మీద ప్రకాశం, నెల్లూరు జిల్లాల మెట్ట పొలాల్లో వేయిస్తే రైతు అప్పులు ఒక్క పంటకాలంతో తీరిపోతాయని, ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్ ఇప్పటికే ఆ దారి పట్టాయని వాదించారు. వారి ఆవేదన నాకు తెలియనిది కాదు, నేనూ కొండపి వైపు పొగాకు వేసే రైతునే. అయితే పూర్తిగా సేద్యంలోకి రాకముందు వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగం చేస్తూ కొంతకాలం పాడేరు ఏజెన్సీలో ఉన్నాను కనుక, ఆ పంట సంగతీ దాన్ని పండించేవాళ్ల సంగతీ నాకు తెలిసినంతలో చెప్పడం అవసరమనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కోట్లు కురిపిస్తుందని పేపర్లలో చదివే ఆ పంటలో, పొలంలో కాలుపెట్టి పనిచేసేవాడి చేతికి వచ్చేది చాలా తక్కువ. లైసెన్సు ఇస్తే ఆ పంటకు ఇప్పుడున్న ధర కూడా ఉండదు.

శీలావతి అనగానే నెల్లూరు, కావలి చేపల బజార్లకు పోయేవారికి ముందుగా తోచేది చెరువు చేప. ఇది వేరు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో, అంటే ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, గూడెంకొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల్లోనూ, సరిహద్దు దాటితే మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాల్లోనూ పండే గంజాయికి బజారు పెట్టిన పేరు ఇది. కేరళ, తమిళనాడు బేరగాళ్ల మధ్య ఒకప్పుడు ఇడుక్కి సరుకుకు ఎంత పేరుండేదో ఇప్పుడు దీనికీ అంత పేరుంది. ఆ పేరు విని ఇదేదో ప్రత్యేకంగా తయారుచేసిన మేలు రకం విత్తనమని, తెచ్చి చల్లితే చాలునని మన వాళ్లలో కొందరు అనుకుంటున్నారు. పొగాకులో సిరి అన్నా హేమ అన్నా రాజమండ్రి పరిశోధన కేంద్రం వాళ్లు ఏళ్ల తరబడి పరీక్షించి, ఏ నేలకు ఏది ఒప్పుతుందో తేల్చి విడుదల చేసిన రకాలు. ఆ విత్తనం సంచి మీద ఏముంటే పొలంలోనూ అదే మొలుస్తుంది. శీలావతికి అలాంటి పుట్టుపూర్వోత్తరాలు ఏవీ లేవు. గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పుప్పొడి గాలి మీద కిలోమీటర్ల దూరం పోతుంది. పక్క కొండ మీద ఏది వేశారో దాని గుణం ఈ కొండ మీది విత్తనంలోకి వస్తుంది. ఏ విత్తన సంస్థా నమోదు చేయని, ఏ ప్రయోగశాలా ధ్రువీకరించని ఆ విత్తనాన్ని నిరుటి పంటలో నుంచి తీసి చేతులు మార్చుకుంటూ పోతారు. కాబట్టి శీలావతి అనే మాట విత్తనం గురించి చెప్పేది తక్కువ, అమ్మేవాడి నోటి గురించి చెప్పేది ఎక్కువ.

ఇక దాని సాగు. తొలకరి వానలు నిలదొక్కుకున్నాక కొండవాలులో, సాధ్యమైనంత వరకు వాగు దాపున, కంది, మొక్కజొన్న లాంటి ఎత్తుగా పెరిగే పైర్ల చాటున మొక్క పెట్టడం, చలికాలంలో కోయడం అక్కడి పద్ధతి. ఈ పంటలో అసలు శ్రమ నాటడంలో లేదు. మత్తు ఉండేది ఆడ మొక్క పూత కంకుల్లో. మగ మొక్క పక్కన మిగిలితే ఆ కంకులు గింజ పట్టి సరుకు చెడిపోతుంది. అందుకని పూత దశలో చేను అంతా మొక్క మొక్కా చూసుకుంటూ మగవాటిని ఏరివేయాలి. వంద, నూటయాభై ఏళ్ల కిందట బెంగాల్‌లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని నౌగావ్ ప్రాంతంలో ప్రభుత్వ లైసెన్సు మీద గంజాయి పండిన రోజుల్లో, కేవలం ఈ మగ మొక్కలను గుర్తుపట్టడానికే పొద్దార్లు అనే నిపుణులను రైతులు కూలి ఇచ్చి పిలిపించుకునేవారు. మన్యంలో ఆ పని ఇంటిల్లిపాదీ చేస్తారు. దానితో పాటు కాపలా ఉంటుంది. పందులు, పశువుల కోసం పెట్టే కాపలా ఒకటైతే, పోలీసులు వస్తున్నారా లేదా అని పెట్టే కాపలా రెండోది.

ఈ సాగుకు పెట్టుబడి ఎవరిదన్న ప్రశ్న మీ పాఠకుల లేఖలో లేదు. ఏజెన్సీ గిరిజన కుటుంబానికి ఒక ఏడాది పంట మీద పెట్టడానికి చేతిలో డబ్బు ఉండదు. మైదానం నుంచో, పొరుగు రాష్ట్రాల నుంచో వచ్చే వ్యాపారి, మధ్యలో స్థానికంగా ఒక దళారిని పెట్టుకుని, విత్తనం ఇస్తాడు, ఎరువు ఇస్తాడు, తిండిగింజలకు కొంత బయానా ఇస్తాడు. పంట కోసి ఎండబెట్టాక ధర చెప్పేదీ అతడే, తూకం వేసేదీ అతడే, ఇచ్చిన బయానా మీద వడ్డీ కట్టి మినహాయించేదీ అతడే. పండించినవాడు ఆ సరుకును వేరొకరికి అమ్మలేడు, కిట్టలేదని ఇంట్లో దాచుకోలేడు, తూకంలో మోసం జరిగిందని ఏ కార్యాలయంలోనూ ఫిర్యాదు చేయలేడు. మన పొగాకు వేలంలో ఎవరూ పాడక నోబిడ్ పడిన బేలును (పొగాకు కట్టను) రైతు తిట్టుకుంటూ తిరిగి ఇంటికి తెచ్చుకుని, మర్నాడు గ్రేడు మార్చి మళ్లీ పెట్టుకోగలడు. అక్కడ ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు.

ఇందులో చట్టపరమైన చిక్కు ఒకటి ఉంది. ఏజెన్సీ షెడ్యూల్డ్ ప్రాంతం కనుక 1970 నాటి ఒకటో నిబంధన, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది, గిరిజనేతరులు అక్కడ భూమి కొనకుండా అడ్డుకుంటుంది. ఆ చట్టం గిరిజనుడి భూమిని కాపాడింది, అందులో సందేహం లేదు. గంజాయి విషయంలో మాత్రం దాని ఫలితం విచిత్రంగా మారింది. పెట్టుబడి పెట్టిన పైవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు. పట్టా గిరిజనుడిది, అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పత్రమైనా గిరిజనుడిదే. 1985 మాదకద్రవ్యాల చట్టం 20వ సెక్షను ప్రకారం గంజాయి మొక్కను సాగు చేసినందుకు పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. తన భూమిలో అలాంటి సాగు జరుగుతున్నదని తెలిసీ వెంటనే అధికారులకు చెప్పకపోయినా అదే చట్టం 46వ సెక్షను కింద నేరమే. దాంతో కేసు పెట్టేటప్పుడు చేతికి దొరికే పేరు పట్టాదారుది. పెట్టుబడిదారు ఫోను నంబరు మార్చుకుని మరో కొండకు పోతాడు.

సరుకు కొండ దిగాక ధర పెరగడం మొదలవుతుంది. చేనులో ఉన్న ధరకూ, చివర చిన్న పొట్లంగా కట్టి కాలేజీ కుర్రవాడికి అమ్మే ధరకూ ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. ఆ తేడా మొక్కలో నుంచి పుట్టింది కాదు. నెత్తిన మూట పెట్టుకుని రాత్రివేళ గుట్టలు దాటించేవాడి భయానికి, లారీలో కొబ్బరి బోండాల కిందో ఉల్లిగడ్డ బస్తాల కిందో పేర్చి పదహారో నంబరు జాతీయ రహదారి మీద వందల కిలోమీటర్లు తోలేవాడి జైలు ప్రమాదానికి, ఆ పైన ఉన్నవాడి లాభానికి కట్టిన ఖరీదు అది. ఆ రహదారి ఒంగోలు, టంగుటూరు, కావలి, నెల్లూరు, గూడూరు మీదుగానే తమిళనాడుకు పోతుంది కనుక, పంట మనది కాకపోయినా ఆ వ్యాపారంలోని చివరి కూలీలు మన వాళ్లు అవుతున్నారు. టోల్‌గేటు దగ్గరో, రైల్వే ప్లాట్‌ఫారం మీదో పట్టుబడిన వారి ఫొటోలు మీ జిల్లా పేజీలో చూస్తుంటాం. ముఖాలకు ముసుగులు, ముందు వరసగా ఖాకీ రంగు టేపు చుట్టిన పొట్లాలు. ఆ ముసుగుల కింద సాధారణంగా ఉండేది కారు అద్దెకు తెచ్చిన డ్రైవరు, బ్యాగు మోస్తే ఇంత ఇస్తామంటే ఒప్పుకున్న కుర్రవాడు. కిలో లోపు దొరికితే చిన్న పరిమాణం కింద ఏడాది వరకు శిక్షతో పోతుంది, 20 కిలోలు దాటిందా అది వాణిజ్య పరిమాణమై కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు, బెయిలు దొరకడం కూడా బహు కష్టం. కారు డిక్కీలో పట్టేది ఎప్పుడూ 20 కిలోల కంటే ఎక్కువే. ఈ లెక్క ఆ పిల్లలకు ఎవరూ ముందుగా చెప్పరు.

లైసెన్సు వస్తే ఈ భయమంతా పోతుంది కదా అన్నది ఆ పాఠకుల వాదన. భయం పోయిన మాట నిజమే అవుతుంది, దాంతో పాటు ధర కూడా పోతుంది. దీనికి ఉదాహరణ వెతుక్కుంటూ పై దేశాలకు పోనక్కరలేదు. గంజాయిని లైసెన్సు మీద పండించిన చరిత్ర మన జిల్లా నేలకే ఉంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. బ్రిటిష్ ప్రభుత్వం 1893లో గంజాయి, భంగు, చరసుల మీద ఒక కమిషన్ వేసింది. అది దేశమంతా తిరిగి వెయ్యి మందికి పైగా సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాయి క్రమం తప్పకుండా సాగయ్యే చోట్లలో ఆ నివేదికలో చెప్పుకున్నది అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు ప్రాంతం. తర్వాతి కాలంలో సంతరావూరు పేరు కూడా ఎక్సైజు రికార్డుల్లోకి ఎక్కింది. దగ్గుబాడు కారంచేడు మండలంలో ఉంది, సంతరావూరు చినగంజాం మండలంలో ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పటి నుంచి 2022లో బాపట్ల జిల్లా విడిపోయేదాకా ఆ రెండు ఊళ్లూ మనవే. ఇవాళ ఆ నల్లరేగడిలోనే బర్లీ పొగాకు, మిరప, శనగ పండుతున్నాయి.

ఆ కమిషను గంజాయిని పూర్తిగా నిషేధించనక్కరలేదని, సాగును కొద్ది చోట్లకు పరిమితం చేసి లైసెన్సు, పన్నుల ద్వారా అదుపులో పెట్టాలని సిఫారసు చేసింది. లైసెన్సు కావాలనేవాళ్లు తరచూ ఉదహరించేది ఈ మాటనే. కాని ఆ అదుపు రైతు వైపు నుంచి ఎలా ఉంటుందో వాళ్లు చెప్పరు. ఎవరు వేయాలో, ఎన్ని ఎకరాలు వేయాలో సర్కారు చెబుతుంది. పండిన సరుకు సర్కారు గిడ్డంగికి చేరాలి. అక్కడి నుంచి సుంకం కట్టినవాడే బయటికి తీసుకుపోవాలి. చిల్లర దుకాణం వేలం పాటలో ఎక్కువ పాడినవాడిది. తాగేవాడు ఇచ్చే రూపాయిలో పెద్ద వాటా ఈ సుంకానికీ ఈ వేలానికీ పోయేది. పన్ను వేయడమే ఉద్దేశమైన ఏర్పాటులో పండించేవాడికి మిగిలేది మామూలు మెట్ట పంట మీద మిగిలేదానికి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. సిగరెట్టు ధరలో పన్ను ఎంతో, దానిలోని పొగాకు పండించిన మన చేతికి వచ్చేది ఎంతో పోల్చి చూసుకున్న రైతుకు దీన్ని ఇంతకంటే విడమరచి చెప్పనక్కరలేదు.

ఉత్తరాఖండ్ సంగతి కూడా ఆ లేఖలో సరిగా రాలేదు. ఆ రాష్ట్రం 2018లో అనుమతి ఇచ్చింది మత్తు గంజాయికి కాదు, నార కోసం, గింజ కోసం పండించే, మత్తు దాదాపు లేని హెంప్ రకం గంజాయికి. మాదకద్రవ్యాల చట్టం 14వ సెక్షను నార, గింజ, తోటపని అవసరాలకు సాగును అనుమతించే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంది. దాని మీద నిలబడి వారు పెట్టుకున్న షరతు ఏమిటంటే, మొక్కలో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థం 0.3 శాతం మించకూడదు. మించిందంటే ఆ చేను ధ్వంసం చేయాల్సిందే. గింజలను, గింజల నూనెను ఆహారంగా అమ్ముకోవచ్చని కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021లో ప్రమాణాలు కూడా ప్రకటించింది. హిమాచల్ శాసనసభ 2024లో చేసిన తీర్మానం కూడా ఔషధ, పారిశ్రామిక అవసరాల సాగు గురించే. శీలావతికి పేరు వచ్చింది మత్తు ఎక్కువ కావడం వల్ల. ఆ విత్తనం తెచ్చి ఉత్తరాఖండ్ షరతు మీద పండించడం ఎవరి వల్లా కాదు. పోనీ నార రకమే వేద్దామంటే, పుప్పొడి గాలికి పోయే మొక్క కనుక, నార చేనుకు చుట్టుపక్కల ఎక్కడైనా దొంగచాటు గంజాయి ఉంటే దాని పుప్పొడి ఇక్కడి విత్తనంలో కలిసి మరుసటి ఏడాది పరీక్షలో రైతు దోషిగా నిలబడతాడు. పైగా ఆ నారను కొని వడికే మిల్లు మన రెండు జిల్లాల్లో ఒక్కటైనా లేదు. గోగునార పండించి మిల్లు కోసం ఎదురు చూసిన ఉత్తరాంధ్ర రైతును అడిగితే ఆ సంగతి చెబుతాడు.

మా పొగాకు గురించి కూడా ఇక్కడ నిజం చెప్పాలి. పొగాకు మానండి, ఆరోగ్యానికి చేటు, భూమికి చేటు, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో కాల్చే కట్టెలకు అడవులు పోతున్నాయి అని మాకు చెప్పనివారు లేరు. అవి అబద్ధాలని నేను అనను. అయినా వర్జీనియా పొగాకును మా రైతులు వదలకపోవడానికి కారణం మొండితనం కాదు. 1976లో పొగాకు బోర్డు వచ్చింది, 1985 నుంచి మన రాష్ట్రంలో వేలం నడుస్తున్నది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి, కందుకూరు, కలిగిరి, డీసీపల్లి, ఇలా ఏ రైతుకైనా బండి తోలుకుపోగలిగిన దూరంలో ఒక వేలం కేంద్రం ఉంది. బేలు కాటా మీదికి ఎక్కుతుంది, బరువు అందరి కళ్ల ముందు పడుతుంది, చీటీ మీద గ్రేడు పడుతుంది, కొన్నవాడి పేరూ ధరా పడతాయి, డబ్బు బ్యాంకు ఖాతాలోకి వస్తుంది. ఆ ఖాతాను చూసే బ్యాంకు మరుసటి ఏడాదికి బ్యారన్ మీద అప్పు ఇస్తుంది. ధర ఎప్పుడూ బాగుంటుందని కాదు. కంపెనీలు కలిసికట్టుగా ధర నొక్కిన ఏళ్లు మాకు తెలుసు. కాని కొనేవాడు ఒకడు వస్తాడన్న నమ్మకం ఉంది. ఆ ఏర్పాటు లేని బర్లీకి ఏమైందో 2025లో చూశాం. ముందటి ఏడు మంచి ధర వచ్చిందని పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు వైపు విపరీతంగా వేశారు. కంపెనీలు చేతులెత్తేశాయి. చివరకు ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించవలసి వచ్చింది. పక్కపక్క జిల్లాల్లో, ఒకే జాతి మొక్కకు, బోర్డు ఉన్నచోట ఒక బతుకు, లేనిచోట మరో బతుకు.

మన్యంలో గంజాయి మానిపించే పని కూడా ఇక్కడే ఆగిపోతున్నదని నా నమ్మకం. 2021 చివరలో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో పోలీసులు, ఎక్సైజు సిబ్బంది కలిసి 7 వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికించారు. చాలా ఊళ్లలో గిరిజనులే కత్తులు పట్టుకుని ముందుకు వచ్చారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల సరుకును కుప్పపోసి తగలబెట్టారు. 2024 నవంబరులో ఈగల్ అనే ప్రత్యేక దళం ఏర్పడింది, 1972 నంబరుకు ఎవరైనా ఫోను చేసి చెప్పవచ్చు. ఇవన్నీ జరగవలసినవే. అయితే నరికిన చేనులో మరుసటి వర్షాకాలానికి ఏమి వేయాలి, వేసినదాన్ని ఎవరు కొంటారు అన్నవి పోలీసు చేతిలో లేని ప్రశ్నలు. వాటికి జవాబు దొరకని చోట సాగు సరిహద్దు దాటి ఒడిశా కొండల్లోకి జరుగుతుంది, పెట్టుబడిదారుకు ఏ కొండైనా ఒకటే.

నేను అక్కడ ఉన్న రోజుల్లో వారపు సంతలో చూసిన బేరం ఒకటి చెబుతాను. ఒక నడివయసు మనిషి తెల్లవారకముందే ఊరు వదిలి, కావిడికి రెండు వైపులా ఎండు పసుపు కట్టుకుని, మధ్యాహ్నానికి సంతకు చేరాడు. షావుకారు కాటా పైకెత్తి ఒకసారి చూసి, తడి ఉందన్నాడు, మట్టి ఉందన్నాడు, రెండు చోట్లా తూకంలో కోత పెట్టాడు. చెప్పిన ధర మైదానంలో ఉన్న ధరలో సగం కూడా లేదు. "కావిడి తిరిగి ఎత్తుకుపోతావా, బావా?" అని పక్కవాడు నవ్వాడు. ఆ మనిషి ఏమీ అనలేదు. సాయంత్రం అయ్యేలోగా తిరుగు కొండ ఎక్కాలి, పసుపు అమ్మకపోతే ఉప్పూ కిరసనాయిలూ కొనలేడు. డబ్బు చేతిలో వేయకుండా షావుకారు పాత బాకీ రాసి ఉన్న పుస్తకం తెరిచాడు. అలాంటి మనిషి ఇంటికే వ్యాపారి వచ్చి, విత్తనం ఇచ్చి, బయానా చేతిలో పెట్టి, పంట నేనే మోయించుకుపోతానంటే, చట్టం గురించి అతనికి ఎంత తెలిసినా కాదనడం కష్టం. గంజాయి కొండెక్కింది భూసారాన్ని చూసి కాదు, సంతలో మామూలు పంటకు మర్యాదైన కొనుగోలుదారు లేకపోవడాన్ని చూసి.

కొనుగోలుదారు దొరికినచోట ఏమవుతుందో కాఫీ చూపిస్తున్నది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియం పాడేరు, అరకు వైపు ఇప్పుడు 2 లక్షల ఎకరాలకు పైగా విస్తరించాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విశాఖ కేంద్రంగా 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కాఫీ గింజలను ముందుగా ప్రకటించిన ధరకు కొంటున్నది, ప్రైవేటు వాళ్లు ఆ ధరను చూసి తమ ధర చెప్పవలసి వస్తున్నది. అయితే కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, గంజాయి ఆరు నెలల్లో చేతికొస్తుంది. ఆ మధ్య కాలంలో కుటుంబం దేని మీద బతకాలన్నది లెక్కలో ఉండాలి. 2025లో కాయ తొలిచే పురుగు అరకు వైపు తోటల్లో కనిపించినప్పుడు కాయలు కోసి నాశనం చేయవలసి వచ్చింది. అలాంటప్పుడు ఆదుకోకపోతే రైతు మళ్లీ పాత వ్యాపారికే కబురు పెడతాడు. రాజ్‌మా, పసుపు, చిరుధాన్యాలు ఆ ఖాళీని పూరించగల పంటలే, కాని కాఫీకి దొరికిన పాటి కొనుగోలు భరోసా వాటికింకా లేదు. టంగుటూరులో మా బేలుకు ఉన్న కాటా, చీటీ, ఖాతా అనే మూడూ చింతపల్లి సంతలో పసుపు కావిడికి ఉంటే, ఆ పంటను మానిపించడానికి ఇన్ని డ్రోన్లు అక్కరలేదు.

మన రెండు జిల్లాల మెట్ట రైతుకు కావలసింది కూడా ఇదే తప్ప శీలావతి కాదు. బర్లీ వేసిన వారికి వచ్చే ఏడు శనగ వేయమని చెబుతున్న అధికారులు, ఆ శనగను ఏ ధరకు, ఎన్ని క్వింటాళ్ల దాకా, ఏ కేంద్రంలో కొంటారో విత్తనం కొనకముందే రాతపూర్వకంగా చెప్పాలి. శీతల గిడ్డంగుల్లో ఏళ్ల తరబడి శనగ బస్తాలు నిల్వపెట్టుకుని కూర్చున్న అనుభవం మా వాళ్లకు ఉంది కనుక వట్టి మాటను ఎవరూ నమ్మరు.

పత్రిక వైపు నుంచి కూడా ఒక పని జరగాలని కోరుతున్నాను. గంజాయి పట్టుబడిన ప్రతి వార్తలోనూ ఇన్ని కోట్ల విలువైన సరుకు అని పతాక శీర్షిక పెడుతున్నారు. ఆ కోట్లు చివరి బజారులో చిల్లరగా అమ్మితే వచ్చే లెక్క. అది చేనులో ధర కాదు, మోసినవాడి కూలీ కాదు. ఆ అంకె చదివే కుర్రవాడికి, అప్పుల్లో ఉన్న రైతుకు అది ప్రకటనలా పనిచేస్తుంది. మీ పాఠకులకు శీలావతి మీద ఆశ పుట్టించినది కూడా ఆ అంకెలే అనుకుంటున్నాను. దానికి బదులు పట్టుబడినవారికి వచ్చే శిక్ష ఎంతో, మోసినందుకు వారికి ముట్టినది ఎంతో రాయించండి. వేలం సీజనులో మీ జిల్లా పేజీలో రోజూ ఒంగోలు, కందుకూరు వేలం కేంద్రాల గరిష్ఠ, కనిష్ఠ, సగటు ధరలు వేస్తున్నారు, వాటిని చూసుకునే మేము బేళ్లు ఎప్పుడు తోలాలో నిర్ణయించుకుంటాం. అదే మాదిరిగా మీ విశాఖ సంచికలో చింతపల్లి, పాడేరు, అరకు సంతల్లో ఆ వారం పసుపు, రాజ్‌మా, మిరియం, కాఫీ రైతుకు ఏ ధర పలికాయో, అదే రోజు మైదానంలో ఏ ధర ఉందో పక్కపక్కన వేయించగలరని మనవి.

ఇట్లు,
ఒక పొగాకు రైతు,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా